ముప్పై ఎనిమిది జీబీల పెళ్లిరోజు

“మస్తు పెద్దగున్నది భాయ్. టీవీల వేసినకాడి నుంచి ఇంట్ల ఒకటే లొల్లి. తగ్గించి ఇస్తేనే తీస్కపోత,” అంటూ శివరాములు పెన్‌డ్రైవ్‌ని బల్ల మీద పెట్టాడు.

ఆయన పంజాగుట్టలో టైలర్. మెడలో టేపుతోనే వచ్చాడు. మొన్న ఆయన ఇరవై ఐదో పెళ్లిరోజు ఫంక్షన్‌కి వీడియో తీసింది మైత్రీవనం పక్క సందులో స్టూడియో పెట్టుకున్న వంశీధరే.

“ముప్పై ఎనిమిది జీబీ అండీ. టీవీలో ఆగి ఆగి ఆడుంటుంది. ఎంత తగ్గించమంటారు?”

“సగం చెయ్యి. మొఖం మాత్రం ఖరాబు కావద్దు.”

“అదేనండీ చిక్కు. సైజు మరీ కోసేస్తే బొమ్మ గళ్లు గళ్లుగా అయిపోద్ది.”

“కోసుడు మాకు తెల్వదా? జర చూసి కొయ్యి. రాత్రికి చుట్టాలొస్తుండ్రు, చూపియ్యాలె. మంచిగ చేస్తే మా మరదలి బిడ్డ పెండ్లి వీడియో సుత నీదే.”

రెండు నెలలుగా ఒక్క పెళ్లి కూడా దొరకని వంశీధర్ మధ్యాహ్నం భోజనం మానేసి మరీ కూర్చున్నాడు. మొదటిసారి ఎక్కువ తగ్గించాడు, పట్టుచీర జరీ అలికినట్టయింది. రెండోసారి దండలో మల్లెలు ముద్దకట్టాయి. మూడోసారికి కుదిరింది. ఒక్క పువ్వు చెదరలేదు. ఇంత పని చేసినవాడికి కాస్త పొగరు వస్తుంది మరి.

సాయంత్రం శివరాములు రాగానే, “మీరు సగమన్నారు. నేను ఆరో వంతుకు తెచ్చాను,” అన్నాడు.

శివరాములు ఉలిక్కిపడ్డాడు. “గంత తగ్గిస్తే గుర్తుపడతరా?”

“మీరే చూడండి.”

వంశీధర్ పాతదీ కొత్తదీ తెర మీద పక్కపక్కనే పెట్టి, దంపతులు దండలు మార్చుకునే చోట ఆపాడు. “ఏమన్నా తేడా కనపడుతుందా శివరాములు గారూ?”

శివరాములు ముందుకు వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆయన మొహం వాడిపోయింది.

“లేదు భాయ్.”

“కనపడదండీ. అదే మన పనితనం.”

శివరాములు మెడలోంచి టేపు తీశాడు. ఒకసారి పాత బొమ్మ మీద, ఒకసారి కొత్త బొమ్మ మీద అడ్డంగా పెట్టి కొలిచాడు.

“గండ్ల నాలుగించులు, గిండ్ల సుత నాలుగించులే. మరి మా ఇంటామె నడుము ఏడ తగ్గించినవ్ భాయ్?”