బొంతలో సూది

నేను అచ్చులద్దిన గుడ్డ ముక్కలతో కుట్టిన కొత్త బొంత. దాని మీద మనవరాలిని పడుకోబెట్టాక రవిక తడుముకున్నాను. కుట్టు ముగించగానే సూదిని అక్కడే గుచ్చుకుంటాను, ఎవరినైనా అడగండి. ఆ రోజు సూది లేదు.

బిడ్డను లాక్కుని కోడలిని కేకేశాను.

"కృపా, బొంతలో సూది ఉండాది! అంతా విప్పు!"

"ఇంత కష్టపడి కుట్టి విప్పమంటావా అత్తా?"

"బొంతైతే మళ్ళా కుడతా. బిడ్డను కుట్టేదానికైతాదా? విప్పే!"

పరపరా కోసేశాం. పొరలన్నీ దులిపాం. బిడ్డ ఒళ్లంతా వెతికాం. సూది లేదు. బిడ్డ మింగిందేమో అనిపించింది. ఆసుపత్రికి పోదామని గడప దాటబోయాను.

"అత్తా, కదలొద్దు!"

కృపారాణి నా కాలు పట్టుకుంది. సూది నా అరికాల్లో సగం దిగి ఉంది. ఇంతసేపూ దాని మీదే తిరిగాను.

ఆమె లాగేసింది. "నొప్పి తెలీలేదా? షుగరు మాత్రలు మింగుతాండావా లేదా?"

"తెలీకేం? బిడ్డ భయంలో పట్టించుకోలేదు."

"అట్లయితే కండ్లు మూసుకో. మళ్ళా గుచ్చుతా, తగిలినప్పుడు చెప్పు."

మూసుకున్నాను. కాసేపాగి "అమ్మో, సంపుతాండావే!" అని అరిచాను.

కృపారాణి ఏడుపు వినబడింది.

"నేనింకా ముట్టుకోనే లేదత్తా."