పన్నెండు నెలల ఇల్లు

"పన్నెండు నెలలకా?" అన్నాడు బ్రోకరు.

అని, చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో అన్నట్టు ఆమె వంక ఓసారి, ఆమె మొగుడి వంక ఓసారి చూశాడు. సముద్రం ఒడ్డునున్న ఆ ఊళ్ళో ఇల్లు టూరిస్టులకి రోజు లెక్కన ఇస్తారు. మరీ మొహమాటపెడితే వారం లెక్కన ఇస్తారు. ఏడాది పొడుగునా ఒకేచోట ఉంటామనే వాళ్ళని మాత్రం ఊరు ఊరంతా అనుమానంగానే చూస్తుంది.

"అవును, సీజన్లో కూడా. మనుషులం కదా, అన్ని కాలాల్లోనూ నిద్రొస్తుంది," అందామె.

ఆమె లాడ్జీలకి కర్టెన్లు కుడుతుంది. ఊళ్ళో సముద్రం కనిపించే ప్రతి కిటికీకీ ఆమె కుట్టిన గుడ్డే వేలాడుతోంది. మొగుడు పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంట్లో మోకాళ్ళు పట్టేసిన అత్తగారు, పరీక్షలు నెత్తి మీదికొచ్చిన కూతురు. రేపు సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చేయాలి. సీజన్ మొదలవుతోంది కాబట్టి కుదరదని ఓనరు చెప్పేశాడు. ఇవాళ ఇల్లు దొరకలేదా, రేపు రాత్రి ఆ ముసలావిడ మంచం ఎక్కడ వేయాలో దేవుడికే తెలియాలి.

మొదటి ఇంటికి సముద్రం వ్యూ ఉందన్నాడు బ్రోకరు. హాల్లో చూశారు, లేదు. వంటగదిలో చూశారు, పక్కింటి గోడ కనిపించింది.

"ఇటు రండక్కా," అంటూ అతను బాత్రూంలో బకెట్టు బోర్లించాడు.

ఆమె ఎక్కింది. వెంటిలేటర్లోంచి, రెండు వాటర్ ట్యాంకుల సందున, చిటికెనవేలంత నీలం కనిపించింది.

"సగం అద్దె దానికేనక్కా."

"మేం బకెట్టు ఎక్కం. ఆ సగం తగ్గించమను."

"మీరు చూసినా చూడకపోయినా సముద్రం ఉంటుంది కదక్కా," అన్నాడు బ్రోకరు.

రెండో ఇల్లు నిజంగానే బాగుంది. దాని యజమాని కూడా నవ్వుతూ మాట్లాడాడు. అక్కడే అనుమానం రావాల్సింది.

"ఏడాదంతా మీదేనమ్మా. సీజన్లో మాత్రం మేడ మీదికి వెళ్ళిపోవాలి."

"మేడ మీద గది ఉందా అండీ?"

"మేడ ఉంది."

"మరి వానొస్తే?"

"వానొస్తే టూరిస్టులు రారు. మీరు హాయిగా కిందికొచ్చెయ్యొచ్చు."

మొగుడు గడ్డం గోక్కున్నాడు. "ఆయన చెప్పేదీ న్యాయంగానే ఉందే. వాళ్ళ బాధలు వాళ్ళవి," అన్నాడు.

ఆమె చరచరా మెట్లు దిగింది. పొద్దుట్నించీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఇల్లు వెతుక్కునే మొగుడూపెళ్ళాల మధ్య అది మామూలే.

మూడోది ఒక రిటైరైన హెడ్మాస్టరమ్మగారిది. దాన్ని చూపించడానికి బ్రోకరు లోపలికి కూడా రాలేదు. సిగ్గేసిందో, కమిషన్ రాదనుకున్నాడో, వీధి మొగలోనే తప్పుకున్నాడు.

"ఇది ఇల్లు కాదమ్మాయ్, కారు షెడ్డు," అంది పెద్దావిడ షట్టరెత్తుతూ. "కారు అమ్మేశాను కనక ఖాళీగా ఉంది. కిటికీ కూడా లేదు. నలుగురటగా, ఎలా ఉంటారు?"

"కిటికీ లేకపోతే కర్టెన్ కుట్టే పని తప్పుతుందండీ."

పెద్దావిడ నవ్వలేదు. ఆమె మొహంలోకి చూసింది. "ఉన్న ఇంటికేమొచ్చింది?"

అంతే. పొద్దుట్నించీ బిగబట్టుకున్నదంతా కట్ట తెంచుకుంది.

"సీజన్ కదండీ, టూరిస్టులకిచ్చాడు మా ఓనరు. బతిమాలాను. ఏడ్చాను కూడా. మా అత్తగారు నాలుగు అడుగులు వెయ్యలేదు, ఎక్కడికి తీసుకుపోను అంటే సర్దుకోమన్నాడు. పిల్లకి పరీక్షలు అంటే, అది ఎక్కడున్నా చదువుతుందన్నాడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలట."

మొగుడు షెడ్డు మూలకెళ్ళి గొంతుక్కూర్చుని, నేల నెమ్ముగా ఉందేమో చేత్తో తడిమి చూడసాగాడు.

"వాడికి తల్లి లేదూ?" అంది పెద్దావిడ.

"ఉందండీ."

"పెళ్ళాం, పిల్లలు?"

"వాళ్ళూ ఉన్నారండీ."

"ఉండీ ఇదా బుద్ధి? వాళ్ళెలా భరిస్తున్నారో పాపం."

ఆమెకి ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇక చాల్లేవే," అన్నాడు మొగుడు వెనక్కి తిరక్కుండానే. "పెద్దావిడకి మన గొడవలెందుకు? నేల పొడిగానే ఉంది. సీజనయ్యేదాకా సర్దుకుందాం."

"నువ్వుండవయ్యా," అంది పెద్దావిడ. "నీలాంటి మెతక మొగుళ్ళుండబట్టే ఓనర్లు ఇలా ఏకుమేకై కూర్చుంటున్నారు. అమ్మాయ్, వాడి నంబరు ఇలా చెప్పు. నలభై ఏళ్ళు పిల్లల చేత గుంజీలు తీయించినదాన్ని. తల్లి వయసు మనిషిని రోడ్డున పడేస్తానన్నవాడికి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు అన్నం సయించదు."

"వద్దండీ," అన్నాడు మొగుడు. "ఆయన వట్టి మొండివాడు. చెప్పినా వినడు."

"వినేలా నేను చెప్తాగా. నువ్వు చెప్పమ్మా."

ఎక్కడా చూసుకోకుండా, గడగడా చెప్పేసిందామె. పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో అంకే నొక్కి, ఫోను చెవికి ఆనించుకుంది.

షెడ్డు మూలన గొంతుక్కూర్చున్న మొగుడి జేబులో ఫోను మోగింది.