ఏటి నీళ్ళ సీసా

"లోపల వేలు పెట్టకమ్మా. కాస్త మురికి చేరినా పరీక్ష చెడిపోతుంది" అంటూ హరికృష్ణన్ సీసా అందించాడు.

మారీశ్వరి రెండు చేతులా అందుకుంది. విరుదునగరులోని ఆ నీటి పరీక్ష ల్యాబుకు కళుగుమలై పక్క పల్లె నుంచి బస్సులు మారి వచ్చింది. జనం స్నానం చేసే రేవుల్లో నెలనెలా నీళ్ళు పట్టి తేవలసింది హరికృష్ణనే. ఆ ఏడు ఐప్పసి నెల వానల్లో ల్యాబు జీపు చెడి షెడ్డుకు చేరింది. ఆమె ఆరాటం చూసి, నువ్వే పట్టుకు రమ్మన్నాడు.

ఆమె కొడుకు పాండియరాజన్ ఏట్లో ఈదులాడి వచ్చి, సద్దికూడు తిని, వాంతులు పట్టుకుని మర్నాటికి పోయాడు. ఏటి నీళ్ళే కారణమన్నారు ఊరివాళ్ళు. అత్త పట్టమ్మాళ్ మాత్రం, అగ్గిపెట్టెల కంపెనీ వ్యాను తప్పిపోతుందన్న తొందరలో కోడలు చెడిన కూడు పెట్టిందని గడప గడపకూ చెప్పింది.

"ఏది చంపిందో తెలిస్తే చాలు సార్" అంది మారీశ్వరి.

మర్నాడే సీసా తెచ్చింది. గాజు గోరువెచ్చగా తగిలింది. బస్సు కిటికీలో ఎండ పడి ఉంటుందనుకున్నాడు హరికృష్ణన్.

"నలుసు గూడా లేదు, చూడండి సార్" అంది.

ఫలితానికి రెండు రోజులు పట్టింది. ఒక్క క్రిమి కూడా పెరగలేదు. ఆ మాట ఆమెకు సంతోషంగానే చెప్పాడు.

"నీళ్ళు బాగున్నాయమ్మా. ఇక భయం లేదు."

ఆమె తన అరచేతుల్లోకి చూసుకుంది.

"అయితే నా కూడే సార్."

అతను ఏదో అనబోయేలోపే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ఆమె భర్త చెల్లదురై వచ్చాడు. ఏట్లో దిగిన పిల్లల్లో ముగ్గురికి మళ్ళీ అదే జబ్బు పట్టిందని, నీళ్ళు ఇంకోసారి చూడమని ఊరు పంపిందని చెప్పాడు. జీపు ఇంకా షెడ్డులోనే ఉంది. హరికృష్ణన్ కొత్త సీసా తీస్తూ, మారీశ్వరి రాలేదేమని అడిగాడు.

చెల్లదురై తలెత్తలేదు.

"బిడ్డ పక్కనే పూడ్చినాము సార్. ఆ పొద్దు ఇంటికొచ్చినాక మళ్ళా పొయ్యి ముట్టించలేదు. మెతుకు ముట్టలేదు."

హరికృష్ణన్ సీసా మూత బిగించి అందించాడు. చెల్లదురై దాన్ని భద్రంగా సంచిలో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"ఈసారి గూడా నీళ్ళు బాగా కాచి సీసాలో పొయ్యల్నా సార్?"