లేని మందు

క్యాన్సర్ మందు కోదాడలో ఉచితంగా ఇస్తున్నారని ఎవరో వాట్సాప్‌లో అబద్ధం రాసి, కింద దీవెన అనే ఆమె నంబరు పెట్టారు. జాకెట్లు కుట్టుకునే దీవెనకు 2014లో ఇక ఫోన్ మోగని పూట లేదు. అది అబద్ధమని తనూ ఒక మెసేజ్ రాసి తెలిసినవాళ్లందరికీ పంపింది. దాన్ని ఎవరూ ఇంకొకరికి పంపలేదు. దాంతో ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ నోటితోనే చెప్పేది, "మందూ లేదు, గిందూ లేదు. నమ్మి రాకండి" అని.

ఆత్మకూరు నుంచి వచ్చిన ఉప్పలమ్మ అనే ఆమె మాత్రం కోదాడ బస్టాండులో దిగాకే ఫోన్ చేసింది. దీవెన మిషన్ ఆపి పరుగున వెళ్లింది. ఉప్పలమ్మ భర్త నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బెంచీ మీద పడుకుని ఉన్నాడు.

దీవెన నోరు తెరవబోయేసరికి ఉప్పలమ్మ ఆమెను పక్కకు లాక్కుపోయింది.

"అబద్ధమని నాకెర్కనే బిడ్డా. మా ఊరి సారు గూడ చెప్పిండు. పట్నం దవాఖానల ఇగ లాభంలేదు, ఇంటికి తీస్కపొమ్మన్నరు. గీ మందు మీద ఆశతోనే ఆయన రెండు ముద్దలు తింటున్నడు. జర ఆయన ముంగట అబద్ధమనకు. ఇయ్యాలటికి అయిపోయిందని చెప్పు."

దీవెన బెంచీ దగ్గర వంగింది. "మందు అయిపోయింది పెద్దయ్యా. మళ్లీ వస్తుంది."

అతను కళ్లతోనే నవ్వాడు. పక్క బెంచీ మీద ఎవరో ఫోన్ పైకెత్తారు.

వారం తిరక్కుండా దీవెన ఫోన్‌కే కొత్త మెసేజ్ వచ్చింది. "కోదాడ మందు నిజమే. ఇచ్చే ఆమే స్వయంగా చెప్పింది. ప్రస్తుతం అయిపోయింది, ఫోన్ చేస్తూ ఉండండి."

ఈసారి నంబరు పక్కన ఆమె ఫొటో కూడా ఉంది.