తొమ్మిదో లైటు

“ఎనిమిది లైట్లు తిప్పి తిప్పి చూశావు నాన్నా! ఒక్కటి కూడా నచ్చలేదా?” కూతురు కౌంటర్ మీద చెయ్యి చరిచింది.

తండ్రి వినిపించుకోలేదు. ముప్పై ఎనిమిదేళ్లు తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి మేస్త్రి ఆయన. ఉలి పక్కన పెట్టి నాలుగేళ్లయింది గానీ, వంకలు పెట్టే అలవాటు మాత్రం పోలేదు. ఎనిమిదో లైటు క్లిప్పుని బొటనవేలితో వంచి చూశాడు.

“ప్లాస్టిక్. రెండు గతుకులు పడితే ఊడి నేలమీదుంటుంది.”

“పైన రబ్బరు పట్టీ బిగిస్తాం సార్, ఊడదు,” అన్నాడు సైకిల్ షాపతను.

“రబ్బరు ఎండకి చీలుతుంది.”

“స్టీలు క్లిప్పుది ఇందాకే చూపించాను కదండీ!”

“అది మరీ బరువు.”

షాపతను గటగటా నీళ్లు తాగాడు. సెల్లార్‌లో షాపు అది. కిటికీ అన్నది లేదు. పగలైనా రాత్రయినా పైన ఆరు ట్యూబ్‌లైట్లు వెలుగుతూ ఉండాల్సిందే. ఆ వెలుతురులో కౌంటర్ నిండా పెద్దాయన కాదన్న సామాన్లు కుప్పపడి ఉన్నాయి. హెల్మెట్లని పుచ్చకాయల్లా తట్టి చూసి పక్కన పడేశాడు. బెల్లులు ఒక్కొక్కటే మోగించి, “ఇది దోమ కూసినట్టుంది, ఇది మనిషిని అదరగొట్టి చంపేట్టుంది” అన్నాడు. సీటు కవరు కుట్టు లెక్కపెట్టాడు.

“కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఇదే,” అంది కూతురు. “మధ్యాహ్నం డ్యూటీకి పోవాలి నేను. ఆస్పత్రిలో మందుల కౌంటర్ తెరిచేది నేనే. ఎక్కడున్నావమ్మా అని ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.”

“చెయ్యనీ. నీ ప్రాణం కన్నానా?”

ఆ మాటతో ఆమెకి ఇంకా చిర్రెత్తింది. ముప్పై నాలుగో ఏట, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పడుతూ లేస్తూ మూడు వారాల్లో సైకిల్ నేర్చుకుంది. వచ్చే ఆదివారం తెల్లారకముందే మొదటిసారి బయటి దారి పట్టాలని ఆమె కోరిక. అది చెవిన పడగానే తండ్రి తన పాత సైకిల్‌కి నూనె వేసి, నేనూ వస్తానని కూర్చున్నాడు.

“పోనీ, ఎటు వెళ్తున్నారో చెప్పండి. దారిని బట్టి లైటు ఇస్తాను,” అంటూ షాపతను గోడమీది పటం చూపించాడు. “కొత్తవాళ్లయితే ఈ చెరువు చుట్టూ ఉన్న మట్టి దారి మంచిది. నాలుగు కిలోమీటర్లు. ఎత్తూ పల్లం లేదు, బండ్లు రావు.”

“అదే. అక్కడికే,” అంది కూతురు గబుక్కున.

“చెరువు చుట్టూ తిరగడానికి మనమేమన్నా గానుగెద్దులమా?” అన్నాడు తండ్రి. పటం మీద వేలు పైకి జరిపాడు. “ఇదీ దారంటే. కొండ మీదికి, చెట్లలోంచి.”

“సార్, అక్కడ వేర్లు అడ్డంగా ఉంటాయి. ఒక పక్క లోయ కూడా...”

“నాకింకా గేర్లే సరిగ్గా రావు నాన్నా! వేర్లట, లోయట!”

“నీకెందుకే భయం? ముందు నేను పోతాను. నా వెనక చక్రం చూసుకుంటూ రా. గుంటొస్తే గుంటని అరుస్తా, వేరొస్తే వేరని అరుస్తా.”

“చిన్నప్పుడు నేర్పమని కాళ్లావేళ్లా పడితే, పనుంది పనుంది అన్నావు. ఇప్పుడు దారి చూపిస్తావా?”

షాపతను తల తిప్పుకుని, సర్దిన గొలుసులే మళ్లీ సర్దాడు.

తండ్రి చేతిలో ఉన్న లైటు కింద పెట్టాడు. “అందుకేనే, ఇప్పుడైనా ముందు నడుస్తానంటున్నది,” అన్నాడు.

ఆ మనిషి మీద కోపం నిలుపుకోవడం ఎప్పుడూ ఆమె వల్ల కాలేదు. “సరే, ఏడిచినట్టే ఉంది. కొండదారే పోదాం. నువ్వు ముందు, నేను వెనక. కానీ ఇంకొక్క లైటే చూస్తాం. నచ్చినా నచ్చకపోయినా అదే కొంటాం.”

షాపతను లోపలి గదిలోంచి తొమ్మిదోది తెచ్చాడు. చిన్న లోహపు లైటు. మేస్త్రి అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. మర బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ బిగించాడు.

“ఇదీ! పని తెలిసినవాడు చేసిన వస్తువు,” అన్నాడు.

కూతురూ షాపతనూ ఒకేసారి ఊపిరి వదిలారు. షాపతను ఆలస్యం చెయ్యకుండా, పెద్దాయన మనసు మారేలోపే, దాన్ని పక్కనున్న సైకిల్ హ్యాండిల్‌కి బిగించేశాడు.

“ఆగాగు. వంకరగా పెట్టావు.”

“లేదు సార్, నేరుగానే ఉంది.”

“నాన్నా, నీకు దణ్ణం పెడతాను!”

“వెలిగించు బాబూ. చూస్తే తెలుస్తుంది కదా, నేరో వంకరో.”

మేస్త్రి సైకిల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. చెక్క వంపు చూసే రోజుల్లోలాగా తల కాస్త వంచి, ఎడమ కన్ను గట్టిగా మూశాడు. అదే క్షణంలో షాపతను మీట నొక్కాడు. తెల్లటి వెలుగు నిండుగా ఆయన ముఖం మీద పడింది. వెనక నిలబడ్డ కూతురు కళ్లు చెదిరి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఇప్పుడన్నా చెప్పు నాన్నా, వంకరా నేరా?”

తెరిచి ఉన్న ఆయన కుడి కన్ను రెప్ప కూడా వెయ్యలేదు. ఎడమ కన్ను అలాగే మూసుకుని అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, గాలిలో చేత్తో ఆమె కోసం తడిమాడు.

“అదేంటమ్మా, కరెంటు పోయిందా?”