పెద్దముక్కు చెప్పిన కీళ్ల పాఠం

జొన్నచేను కంకి వేసిందంటే పెద్దముక్కు అనే కాకికి ఎక్కడ లేని మర్యాదా జరిగేది. చేలో నిలబడ్డది దిష్టిబొమ్మో మనిషో తేల్చి చెప్పగలిగింది ఆ గుంపులో అదొక్కటే.

"మనిషి వెన్ను దుంగ కాదు, పూసల దండ. పూసకీ పూసకీ నడుమ మెత్త ఉంటుంది కాబట్టే వంగుతాడు. మోకాలు తలుపు బందులాంటిది, ఒకవైపుకే మడుచుకుంటుంది. భుజం రుబ్బురోట్లో పొత్రంలాంటిది, ఎటైనా తిరుగుతుంది. బొమ్మకి ఇవేవీ ఉండవు," అని చెప్పేది.

ఆ రోజు చేను మధ్య ఒక ఆకారం నిలబడి ఉంది. తలగుడ్డ గాలికి జారి కాళ్ల దగ్గర పడినా వంగి తీసుకోలేదు. ఎండ ముదిరినా గట్టు మీద కూలబడలేదు.

"బొమ్మే," అంది పెద్దముక్కు.

"భుజం కూడా చూద్దాం మావా," అంది పక్కనున్న మేనకోడలు కాకి.

"అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలే పిల్లా. నేను రెండు పట్టుకున్నాను."

అలా అని దర్జాగా వెళ్లి కంకి మీద వాలింది.

అక్కడ నిలబడ్డ ముసలాయనకి నడుము పట్టేసి చాలాకాలమైంది. మోకాళ్లు అరిగి కింద కూర్చోవడం మానేశాడు. భుజం మాత్రం నిక్షేపంగా ఉంది. వీపు వెనక పట్టుకున్న వడిసెల పైకి లేచి గిర్రున తిరిగింది. రాయి వచ్చి రెక్క కీలు మీద తగిలింది.

పెద్దముక్కు ఇప్పటికీ పాఠం చెబుతూనే ఉంది. భుజంతో మొదలుపెడుతుంది. వినాలనుకున్న కాకులే కొమ్మ దిగి కిందికి రావాలి.