మామూలు పిల్లాడు

"ముందు మన చంటాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. ఆ తర్వాతే మీ పరిశోధనలు," అంది ఆమె, పిల్లాణ్ణి చంకనెత్తుకుని ల్యాబు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"నీకేమైనా పిచ్చా? మూడేళ్ళకి మాటలు రాకపోతే ఆటిజమేనా? మా నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయట," అన్నాడు భర్త.

ఈ మాట వినీ వినీ ఆమె విసిగిపోయింది. పిల్లాడు పిలిస్తే పలకడు. కళ్ళల్లోకి చూడడు. డబ్బా మూత దొరికితే పూటంతా దాన్నే తిప్పుతూ కూర్చుంటాడు. ఎవరితో చెప్పుకున్నా, "ఆ జబ్బు కనిపెట్టే మిషను మీ ఆయనే తయారుచేశాడు కదా, నీకెందుకమ్మా బెంగ?" అన్నవాళ్ళే. దీపం కిందే చీకటని వాళ్ళకెవరు చెప్పాలి?

"కూర్చోబెట్టండి, పోయేదేముంది?" అంది లోపలినుంచి డాక్టరమ్మ. ఆవిడ గొంతులో ఉత్సాహం లేదు. "పోయినేడు మీ మిషను ఏమీ లేదని పంపేసిన పిల్లాడు పొద్దున మళ్ళీ వచ్చాడండీ. ఐదేళ్ళొచ్చినా ఒక్క మాట లేదు. అప్పుడే చెప్పి ఉంటే ఏదో ఒకటి నేర్పించుకునేదాన్ని కదా అని వాళ్ళమ్మ ఒకటే ఏడుపు."

"ఎక్కడో ఒకటి తప్పుతుంది లెండి," అన్నాడతను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

చంటాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నడుముకి బెల్టు పెట్టారు. ఎదురుగా తెర. తెర మీద ఒకపక్క నవ్వుతూ పలకరించే అమ్మాయి, ఇంకోపక్క గిరగిరా తిరిగే చక్రం. పిల్లాడి చూపు ఎటు పోతోందో, పిలిస్తే మొహం ఎలా మారుతోందో పైనున్న కెమెరా పట్టుకుంటుంది. తీర్పు మిషనుది.

చంటాడు చక్రాన్నే చూశాడు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది, పాట పాడింది. వాడు అటు తిరగనే లేదు. "కన్నా!" అని వెనకనుంచి తల్లి పిలిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పోనీలే, ఏడ్చేదేదో ఇవాళే ఏడ్చేస్తే రేపటినుంచి వాడికి కావలసింది చూడొచ్చు అనుకుంది.

తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. ఆటిజం లక్షణాలు లేవు. మామూలు పిల్లాడు. నూటికి నూరు మార్కులు.

"చూశావా!" భర్త ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఇన్ని మార్కులు ఇంతవరకూ ఏ పిల్లాడికీ రాలేదు!"

"ఆ చక్రం తప్ప ఏం చూశాడండీ వాడు? నా కళ్ళు ఒకటి చెబుతుంటే మీ మిషను ఇంకోటి చెబుతోందేం?" అంది డాక్టరమ్మ.

"మీ కళ్ళు అలిసిపోతాయి డాక్టరమ్మా. దానికి అలుపు లేదు."

సంతోషించాలో ఏడవాలో తల్లికి తెలియలేదు. బెల్టు విప్పి పిల్లాణ్ణి ఎత్తుకుంది. "ఏమండీ, మామూలు పిల్లాడంటే ఎలా ఉంటాడో ఆ మిషనుకి ఎవరు చెప్పారు?"

"మనమే నేర్పాలి. ఆటిజం ఉన్న పిల్లల వీడియోలు కొన్ని, మామూలు పిల్లలవి కొన్ని చూపిస్తే తేడా అదే పట్టేస్తుంది." అతను హుషారుగా చెప్పుకుపోతున్నాడు. "మొదటి రకానికి కొదవ లేదు, ఆసుపత్రి నిండా వాళ్ళే. మామూలు పిల్లలు దొరక్కే నా ప్రాణం మీదికొచ్చింది. బాగున్న పిల్లాణ్ణి ఆసుపత్రికి ఎవరు తీసుకొస్తారు? అందుకని..."

మాట మధ్యలోనే ఆగిపోయింది.

"అందుకని?" అంది డాక్టరమ్మ.

అతను భార్య వైపు చూడలేకపోయాడు.

"మన చంటాడి వీడియోలే చూపించాను."